పికప్ బండి మీటర్‌బోర్డులో బ్యాటరీ లైటు పదేపదే వెలుగుతుంటే: మూలం దాకా వెళ్ళే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు ఎత్తే పికప్ బండి మాది. ఒక వానాకాలంలో దాని మీటర్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు వెలగడం మొదలైంది. వెలిగేది, పది నిమిషాలకు ఆరిపోయేది. తర్వాత దానికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు, ఇంజిన్ లైటు తోడయ్యాయి. ముందు బ్యాటరీ మార్చాం, వారం రోజులు బాగుంది. మళ్ళీ వెలిగితే డైనమో (ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్) మార్చాం, నాలుగు రోజులు బాగుంది. మూడోసారి వెలిగినప్పుడు వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నారు. ఆ మాట విన్నాక నేనే మీటరు పట్టుకుని కూర్చున్నాను. ఛాసిస్ నుంచి క్యాబిన్ బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి) లగ్గులో, అంటే వైరు కొసన బోల్టుకు బిగించే బిళ్ళలో, పచ్చటి చిలుము దొరికింది. పైన టేపు చుట్టి ఉండటంతో బయటికి కొత్తదానిలా కనిపించింది.

బ్యాటరీ మార్చినప్పుడు వారం ఎందుకు బాగుందో కూడా అప్పుడే అర్థమైంది. పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు ఎర్త్ వైర్లన్నీ కదిలాయి. ఆ కదలికకు చిలుము కొంచెం రాలి, కరెంటుకు దారి దొరికింది. డైనమో మార్చినప్పుడూ అంతే. అందుకని పదేపదే వచ్చే హెచ్చరిక విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది. లైటు ఏ వస్తువు పేరు చెబితే ఆ వస్తువు కొనకూడదు. ముందు వోల్టేజీ ఏ చోట పోతోందో కొలవాలి. ఆ కొలిచే పని ఎలా చేయాలో వరసగా చెబుతాను. 12 వోల్టుల డీజిల్ పికప్‌లు నడిపేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు భద్రత: బండి ఆపాలా, నడపొచ్చా?

నడుస్తుండగా ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే మొదట చూడాల్సింది టెంపరేచర్ ముల్లు, బ్రేకు పెడల్. మన దగ్గర తిరిగే చాలా డీజిల్ బండ్లలో బ్రేకుకు కావాల్సిన వాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకాలే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే డైనమో ఆగుతుంది, దాంతోపాటు వాక్యూమ్ కూడా ఆగుతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే ఇంజిన్ వేడెక్కిపోతుంది. లోడుతో ఉన్న బండికి ఇది ప్రాణాల మీదకు వచ్చే విషయం. లైటు వెలగగానే వేగం తగ్గించి పక్కకు ఆపండి. ఇంజిన్ ఆపేసి, బానెట్ ఎత్తి బెల్టు చూడండి.

బెల్టు బాగుండి, కాలిన వాసన లేకపోతే ఏసీ, బ్లోయర్, పాటలు అన్నీ కట్టేసి దగ్గర్లోని షెడ్డు దాకా వెళ్ళొచ్చు. కామన్ రైల్ (కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే) ఇంజిన్‌కు కరెంటు లేకపోతే ఇంజెక్టర్లు పనిచేయవు. బ్యాటరీ దిగిపోతే బండి ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండు వెలిగితేనే సుమారు 9 ఆంపియర్లు తాగుతాయి. కాబట్టి రాత్రిపూట ఆ సాహసం చేయకండి. కాలిన వాసన వచ్చినా, టెర్మినల్ చేతికి కాలేంత వేడిగా ఉన్నా ఇంజిన్ ఆపి మైనస్ క్లాంపు విప్పేయండి.

రెండో పని: లైటు ఎప్పుడు వెలుగుతోందో రాసుకోండి

చాలామంది దీన్ని దాటేస్తారు. నా అనుభవంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. వచ్చి పోయే లోపం షెడ్డులో బండి నిలబెట్టినప్పుడు కనిపించదు, ఎలక్ట్రీషియన్ ముందు అన్నీ బాగానే ఉంటాయి. అందుకే డాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. లైటు వెలిగిన ప్రతిసారీ టైము, రోడ్డు, వాన, లోడు, అప్పుడు ఏయే స్విచ్చులు ఆన్‌లో ఉన్నాయి అన్నది రాయండి. వెలిగిన లైట్ల ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

పది రోజులు రాస్తే వరస తెలుస్తుంది. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు కలిసి నడిచినప్పుడే వస్తుంటే డైనమో సరిపోవడం లేదనో, లావు వైర్లలో వోల్టేజీ పోతోందనో అనుమానించాలి. గోతుల్లో పడ్డప్పుడు వస్తుంటే ఎక్కడో కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) వదులైంది, లేదా వైరు ఒరుసుకుంటోంది. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు వస్తే కప్లర్లలోకి నీళ్ళు పోయాయి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే వెనక లైట్ల ఎర్త్, బ్రేకు స్విచ్చు చూడాలి. రెండు రోజులు నిలబెట్టి తీశాక వస్తే ఆపిన బండిలోనే ఏదో కరెంటు తాగుతోంది.

నా పుస్తకంలో తేలింది ఇది: పొద్దున ఖాళీ బండితో వెళ్ళేటప్పుడు లైటు రాదు. రొయ్యల ట్రేలు ఎక్కించి తిరిగొచ్చేటప్పుడు, అదీ రాత్రిపూట వస్తుంది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు వెనక బాడీ నుంచి కారి సరిగ్గా ఆ ఎర్త్ బోల్టు మీద పడుతున్నాయి. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ఆ వైరు మీద లోడు పెరుగుతోంది. చేపలు, రొయ్యలు, ఉప్పు తోలే బండ్లవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కావాల్సిన పనిముట్లు

ఒక డిజిటల్ మల్టీమీటర్, 10 నంబర్ స్పానర్, వైరు బ్రష్, గరుకు కాగితం, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికిన టెస్ట్ ల్యాంప్. వీలైతే బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే, ఫోన్‌కు కలిసే ఒక బ్లూటూత్ స్కానర్. ఇంతే చాలు.

మీటరు గురించి ఒక జాగ్రత్త. చౌక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి చాలావరకు లోపల ఫ్యూజు ఉండదు. ప్రోబు ఆ రంధ్రంలో పెట్టి మరిచిపోయి బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే అది నేరుగా షార్టే. మీటరు వైర్లు చేతిలోనే కాలతాయి. ప్రతి కొలత ముందు ఎర్ర ప్రోబు ఏ రంధ్రంలో ఉందో చూసుకునే అలవాటు చేసుకోండి.

మూడో పని: బ్యాటరీ

బండి రాత్రంతా నిలబడ్డాక పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు కొలవండి. అప్పుడే నడిపి ఆపిన బండిలో పైపై ఛార్జి ఉండి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. తప్పనిసరై అప్పుడే కొలవాల్సి వస్తే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపి, కాసేపు ఆగి చూడండి. 12.6 వస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 వస్తే సగం దిగినట్టు, 12.0 దగ్గరైతే దాదాపు ఖాళీ.

తర్వాత మీటరు అలాగే పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ రెండు మూడు క్షణాల్లో రీడింగ్ 10 వోల్టుల కంటే కిందికి పోకూడదు. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే దిగిపోతే దానికి లోపల బలం లేదు.

ఇక్కడ ప్రోబు పెట్టే చోటు ముఖ్యం. ముందు సీసపు పోస్టు మీదే పెట్టి చూడండి. తర్వాత దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టించండి. రెండు రీడింగులకు తేడా కనిపిస్తే పోస్టుకు, క్లాంపుకు మధ్య తెల్లటి పొర పట్టిందని అర్థం. రెండూ విప్పి మెరిసేదాకా గీకండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు గాని స్పార్కు గాని ఉండకూడదు.

మూతలు తీసి నీళ్ళు పోసే రకమైతే మన ఎండలకు నెలకోసారైనా చూడాలి. హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఉన్న షాపులో ఆరు సెల్సూ చూపించండి. ఒక సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయినట్టే. అప్పుడు బ్యాటరీ మార్చడం న్యాయం. కొన్ని కొత్త బండ్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. అలాంటి బండికి బ్యాటరీ మారిస్తే ఆ సంగతి స్కానర్‌తో బండికి చెప్పాలి. అదనపు లైట్లు, హారన్ల ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ మైనస్‌కు కాకుండా బాడీకి బిగించాలి. లేకపోతే ఆ వస్తువులు తాగే కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, తప్పుడు హెచ్చరికలు వస్తాయి.

నాలుగో పని: డైనమో

తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు బ్యాటరీ లైటు వెలగాలి. అది వెలగకపోతే సంతోషించకండి. పాత తరహా బండ్లలో డైనమోను మేల్కొలిపే కరెంటు ఆ లైటు గుండానే వెళుతుంది. ఆ సన్నని వైరు తెగినా, బల్బు పోయినా డైనమో పని మొదలుపెట్టకపోవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా లైటు మసకగా, మిణుగురులా వెలుగుతుంటే డైనమో లోపలి డయోడ్లలో (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి) ఒకటి పోయే దశలో ఉండొచ్చు.

ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేసి పట్టుకుని బ్యాటరీ పోస్టుల మీద కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ వేసి మళ్ళీ చూడండి. 13.5 పైన నిలబడితే డైనమో బాగానే ఉంది. రేజ్ చేసినకొద్దీ 15 దాటి పోతుంటే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. అలాంటి బండి నడపకండి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), బల్బులు, బ్యాటరీ అన్నీ దెబ్బతింటాయి.

కొత్త బండ్లలో ఒక చిక్కుంది. డీజిల్ ఆదా చేయడానికి ఈసీయూయే డైనమోను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఒక్కోసారి 12.8 మాత్రమే చూపిస్తుంది, అది లోపం కాదు. హెడ్‌లైట్లు వేసి కొంచెంసేపు ఆగి చూస్తే చాలావరకు వోల్టేజీ పైకి వస్తుంది. అప్పుడు తీర్పు చెప్పండి. ఈ సంగతి తెలియక మంచి డైనమోలు విప్పేసినవాళ్ళున్నారు.

డయోడ్ అనుమానం ఉంటే మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులకు మార్చి, లోడు వేసి, ఇంజిన్ రేజ్‌లో బ్యాటరీ మీద చూడండి. 0.5 దాటితే డయోడ్లు పోతున్నాయి. అయితే మరీ చౌక మీటర్లు డీసీని కూడా ఏసీగా లెక్కేసి 28, 30 అని చూపిస్తాయి, ప్రోబులు తిరగేస్తే సున్నా చూపిస్తాయి. అలా వస్తే ఆ మీటరు ఈ పనికి పనికిరాదని తెలుసుకోండి, డైనమోను తప్పుపట్టకండి.

వాక్యూమ్ పంపు ఉన్న డైనమో అయితే వెనక వైపు నూనె తడి చూడండి. పంపు సీలు పోతే ఇంజిన్ ఆయిల్ డైనమో లోపలికి దిగి బ్రష్‌లను పాడుచేస్తుంది. సీలు మార్చకుండా డైనమో మాత్రమే మారిస్తే కొత్తదానికీ అదే గతి.

ఒక పాత అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. డైనమో బాగుందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తారు. వెనకటి బండ్లలో చెల్లింది. ఇప్పుడు అలా పీకిన క్షణంలో డైనమో నుంచి పదుల వోల్టుల దెబ్బ వైర్లలోకి పోతుంది. అడ్డుకునే బ్యాటరీ అక్కడ ఉండదు. ఈసీయూ ఒక్కసారిలో పోవచ్చు. ఎవరు చేయబోయినా చేయి పట్టుకుని ఆపండి.

ఐదో పని, అన్నిటికంటే ముఖ్యమైనది: వైర్లలో పోయే వోల్టేజీ

బ్యాటరీ, డైనమో రెండూ బాగున్నాయి, అయినా లైటు వెలుగుతోంది. ఇక్కడే చాలామంది దారి తప్పి వస్తువులు మార్చుకుంటూ పోతారు. ఇక్కడే నిదానంగా కూర్చోవాలి.

వైరు బాగుందా లేదా అని మీటరుతో ఓమ్స్ (కరెంటుకు ఉన్న అడ్డు) చూడటం వల్ల లాభం లేదు. లావు వైరులో 50 పోగులు ఉంటే 49 తెగినా మీటరు సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి తక్కువ. ఒక లెక్క చూడండి. చిలుము పట్టిన లగ్గులో 0.05 ఓమ్ అడ్డు ఉందనుకుందాం. మీటరు ప్రోబు వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ అడ్డు కనిపించదు. కానీ దాని గుండా 32 ఆంపియర్లు పోతే 32 × 0.05 = 1.6 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. బ్యాటరీ మీద 14.2 ఉన్నా ఈసీయూకు చేరేది 12.6. ఇంకొంచెం లోడు పెరిగితే ఇంకా తక్కువ. అది చూసి ఈసీయూ ఛార్జింగ్ లేదని లైటు వెలిగిస్తుంది. అది అబద్ధం చెప్పడం లేదు, తనకు కనిపించిందే చెబుతోంది.

అందుకని కరెంటు పోతుండగానే కొలవాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్‌లో ఉంచండి, హెడ్‌లైట్లు డిమ్‌లో కాకుండా బ్రైట్‌లో, బ్లోయర్ ఫుల్‌లో, వెనక లైట్లు, వైపర్లు అన్నీ వేయండి. మీటరు డీసీ వోల్టుల్లో, చిన్న రేంజ్‌లో పెట్టండి. బెల్టుకు, ఫ్యానుకు వైర్లు తగలకుండా జాగ్రత్తపడండి.

ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టి అలాగే ఉంచండి. రెండోది వరసగా వీటి మీద పెట్టి చూడండి:

- డైనమో బాడీ మీద: 0.2 దాటకూడదు.
- ఇంజిన్ బ్లాకు మీద: 0.1 లోపు.
- ఛాసిస్ మీద, రంగు లేని బోల్టు దగ్గర: 0.1 లోపు.
- క్యాబిన్ బాడీ మీద, డోరు కీలు బోల్టు లాంటి చోట: 0.1 లోపు.
- వెనక లైటు ఎర్త్ వైరు మీద: 0.2 లోపు.

ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా ఎగిరితే లోపం దానికీ దాని ముందు కొలిచిన చోటుకీ మధ్య ఉంది. నా బండిలో ఇంజిన్ బ్లాకు మీద 0.04, ఛాసిస్ మీద 0.05, క్యాబిన్ మీద 1.6. ఇక వెతకాల్సిన పనే లేదు, ఛాసిస్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉన్నది ఒకటే వైరు. సెల్ఫ్ గట్టిగా కొడుతోంది కాబట్టి ఎర్త్ బాగుందని అందరం అనుకున్నాం. సెల్ఫ్‌కు ఎర్త్ ఇంజిన్ దారిన వస్తుంది, మీటర్‌బోర్డుకు, ఏబీఎస్‌కు క్యాబిన్ దారిన వస్తుంది. దారులు వేరు.

ప్లస్ వైపు కూడా ఇలాగే. బ్యాటరీ ప్లస్ పోస్టు మీద ఒక ప్రోబు, డైనమో వెనక ఉన్న లావు వైరు బోల్టు మీద ఒకటి. 0.3 దాటితే మధ్యలో ఉన్న మెయిన్ ఫ్యూజు బోల్టులు, జాయింట్లు చూడండి. వేడికి రంగు మారిన ప్లాస్టిక్ ఉంటే అదే దొంగ. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టుకు 0.5 దాకా సర్దుకోవచ్చు.

స్కానర్ ఉంటే ఇంకో మంచి పద్ధతి ఉంది. లైవ్ డేటాలో కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజ్ అని ఒక వరస ఉంటుంది. అది ఈసీయూకు నిజంగా అందుతున్న వోల్టేజీ. అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టండి. రెండింటికీ అర వోల్టు తేడా ఉందంటే ఈసీయూకు వచ్చే దారిలో ఏదో ఒక ఫ్యూజో, రిలేయో, ఎర్తో కరెంటును తినేస్తోంది.

ఆరో పని: కోడ్లు చదవడం

భారత్ స్టేజ్-6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన పికప్‌లలో స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. స్కానర్ దొరికితే కోడ్లు చదవండి. చెరిపేసే ముందు తప్పకుండా ఫోటో తీయండి. కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, లోపం వచ్చిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నది అందులో దొరుకుతుంది. మీ పుస్తకంలో రాసుకున్నదానితో పోల్చి చూడండి.

పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువ, పీ0563 అంటే ఎక్కువ. పీ0620 డైనమో కంట్రోల్ వైరుకు సంబంధించింది. పీ0504 బ్రేకు స్విచ్చులోని రెండు కాంటాక్టులు ఒకదానితో ఒకటి సరిపోలనప్పుడు వస్తుంది. యూ అక్షరంతో మొదలయ్యేవి మాడ్యూళ్ళు (బండిలోని వేర్వేరు కంప్యూటర్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయని చెబుతాయి: యూ0100 ఇంజిన్ ఈసీయూతో, యూ0121 ఏబీఎస్‌తో.

నాలుగైదు మాడ్యూళ్ళలో ఒకేసారి కోడ్లు పడితే అవన్నీ ఒకే రోజు పాడైపోవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి: వోల్టేజీ, ఎర్త్, లేదా అవి మాట్లాడుకునే క్యాన్ వైర్లు. పీ0562 కూడా ఉంటే మిగతా కోడ్లన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి తేల్చండి. ఏబీఎస్ యూనిట్ మార్చాలని ఎవరైనా అంటే ఈ మాట అడగండి.

ఇంజిన్ లైటు తనంతట తాను ఆరితే రోగం పోయిందనుకోవద్దు. లోపం మళ్ళీ కనిపించకుండా మూడు డ్రైవింగ్ సైకిళ్ళు గడిస్తే లైటు ఆరుతుంది, కోడు మాత్రం ఇంకా చాలా రోజులు మెమరీలో ఉంటుంది.

క్యాన్ వైర్ల మీద అనుమానం ఉంటే బ్యాటరీ మైనస్ విప్పి, కాసేపు ఆగి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 నంబర్ల పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. వైరుకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే వైరు ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. కొన్ని బండ్లలో సాకెట్‌కు, లోపలి వైర్లకు మధ్య గేట్‌వే అనే మధ్యవర్తి మాడ్యూల్ ఉంటుంది, అక్కడ ఈ లెక్క పనిచేయదు.

ఏడో పని: కళ్ళతో, చేతులతో వెతకడం

పికప్‌కు మామూలు కారుకు లేని బలహీనత ఒకటి ఉంది. క్యాబిన్ వేరు, వెనక బాడీ వేరు. గోతిలో పడ్డప్పుడు రెండూ చెరో వైపు ఊగుతాయి. మధ్యలో వెళ్ళే వైర్ల కట్ట ఛాసిస్ అంచుకు ఒరుసుకుని ఇన్సులేషన్ పోతుంది. బండి కింద పడుకుని టార్చి వేసి ఆ కట్ట మొత్తం చేత్తో తడమండి. ఇంజిన్ నడుపుతూ ఒక్కో కప్లర్‌ను మెల్లగా కదపండి. కదపగానే లైటు వెలిగినా, మీటరు రీడింగ్ తుళ్ళినా దొరికినట్టే.

వెనక లైటు ఎర్త్ పోయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన గుర్తు: బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతుంది, లేదా ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దానితోపాటు కొట్టుకుంటుంది. కరెంటు ఇంటికి పోయే దారి లేక పక్క బల్బు గుండా పోతోందన్నమాట.

తర్వాత మనం పెట్టించినవి. ఎల్‌ఈడీ లైట్లు, పెద్ద హారన్లు, సౌండ్ బాక్సు, జీపీఎస్ ట్రాకర్. వైరు తోలు గీకి, చుట్టి, టేపు వేసిన జాయింటు వానకు నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ వైరు ఏబీఎస్‌దో, ఈసీయూదో అయితే మీకు తెలియకుండానే లోపం పుట్టింది. అలాంటివన్నీ తీసేసి వారం నడిపి చూడండి. కావాలనుకుంటే తర్వాత సొంత ఫ్యూజు, రిలేతో మళ్ళీ పెట్టించుకోవచ్చు. ఎల్‌ఈడీ బల్బు తక్కువ కరెంటు తాగడం వల్ల కొన్ని బండ్లు బల్బు పోయిందని హెచ్చరిస్తాయి. అది వైరింగ్ లోపం కాదు.

ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడండి. కల్లం దగ్గర, గోడౌన్ దగ్గర రాత్రి నిలబెట్టే బండ్లకు ఇది మామూలే.

వెనక బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ మైనస్ విప్పించండి, ఈసీయూ కప్లర్ కూడా పీకించండి. వెల్డింగ్ ఎర్త్ పట్టకారు వెల్డింగ్ చేసే చోటుకు దగ్గర్లోనే బిగించమనండి. ఎక్కడో ముందు బంపర్‌కు తగిలిస్తే ఆ కరెంటు బండి మొత్తం తిరిగి వెళుతుంది.

ఆపిన బండి కరెంటు తాగుతుంటే

పొద్దున్నే బ్యాటరీ దిగి ఉంటుందా? తాళంచెవి బయటికి తీసి, డోర్లు వేసి, బానెట్ మాత్రం ఎత్తి, అరగంట ఆగండి. మాడ్యూళ్ళన్నీ నిద్రపోవడానికి ఆ సమయం కావాలి. మైనస్ క్లాంపు విప్పి, పోస్టుకు, క్లాంపుకు మధ్య మీటరును 10 ఆంపియర్ల రంధ్రంతో కలపండి. అలా కలపగానే కొన్ని మాడ్యూళ్ళు మళ్ళీ లేస్తాయి కాబట్టి ఇంకో అరగంట ఓపిక పట్టండి. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు.

50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అర ఆంపియర్ ఉంటే రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతాయి, మూడు రోజుల్లో 36. అంటే 70 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం. ఒక్కో ఫ్యూజు పీకుతూ ఏది పీకితే రీడింగ్ పడిపోతుందో చూడండి. సాకెట్‌లోనే వదిలేసిన బ్లూటూత్ స్కానర్, ఫోన్ ఛార్జర్, ట్రాకర్ ముందుగా పీకి చూస్తే చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది.

ఎర్త్ సరిచేసే తీరు

బోల్టు బిగించి వదిలేస్తే అది బాగుచేయడం కాదు. పూర్తిగా విప్పండి. ఛాసిస్ మీద రంగు, తుప్పు పోయి తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దండి. లగ్గు రెండు వైపులా అలాగే రుద్దండి. లగ్గుకు, వైరుకు మధ్య టేపు ఉంటే కోసి చూడండి, లోపల రాగి పచ్చగా, నల్లగా ఉంటే వైరే మార్చాలి. కొత్తది పాతదానికంటే సన్నంగా ఉండకూడదు, లగ్గు నొక్కి బిగించి ఉండాలి. పళ్ళున్న వాషర్ వేసి గట్టిగా బిగించాక, పైన వాజెలిన్ గాని గ్రీజు గాని మందంగా పూయండి. ముందే పూసి బిగిస్తే అది మధ్యలో అడ్డుపడుతుంది. వీలైతే నీళ్ళు కారని చోటుకు బోల్టును జరపండి. నేను క్యాబిన్ ఎర్త్‌కు రెండో వైరు కూడా వేయించి, దాని బోల్టు ఛాసిస్ లోపలి వైపు పెట్టించాను.

పని అయ్యాక ఐదో పనిలోని కొలతలన్నీ మళ్ళీ తీయండి. కోడ్లు చెరిపేయండి. ఇక బండిని ఊరికే రౌండ్ కొట్టి చూడొద్దు. మీ పుస్తకంలో లైటు ఎప్పుడు వెలిగిందని రాసుందో సరిగ్గా అలాగే నడపండి: వానలో అయితే వానలో, లోడుతో అయితే లోడుతో, రాత్రి అయితే రాత్రి. కొత్త రీడింగులను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించండి. నా బండిలో క్యాబిన్ ఎర్త్ రీడింగ్ ఆ రోజు 0.03. ప్రతి వానాకాలం ముందూ మళ్ళీ కొలుస్తాను. పోయినసారి 0.05 వచ్చింది. 0.1 దాటిన రోజున లైటు కోసం ఎదురుచూడకుండా విప్పి రుద్దుతాను.